గోధుమ పండని ఊళ్లో గోధుమ చదువా?

ప్రశ్న: మాది జనగామ దగ్గర పల్లె. అమ్మాయి అగ్రికల్చర్ బీఎస్సీ చివరి ఏడాది. అడవి గడ్డి జన్యువులతో గోధుమ తుప్పు తెగులును అడ్డుకునే పరిశోధన చేస్తానంటోంది. గడ్డి చదువా అని బంధువులు నవ్వుతున్నారు. పొలం తాకట్టు పెట్టి డేటా సైన్స్‌కు అమెరికా పంపాలని ఉంది. రెండింటిలో ఏది మేలు?

జవాబు: అయ్యా, మీ బెంగ గోధుమ గురించి కాదు, బంధువుల నవ్వు గురించి. సాంబ మసూరికి ఎండాకు తెగులు సోకితే ఆకు కొస నుంచి ఎలా ఎండుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు. దాన్ని తట్టుకునేలా హైదరాబాద్ శాస్త్రవేత్తలు తయారుచేసిన మెరుగైన సాంబ మసూరి 2008లో విడుదలైంది. అందులోని మూడు నిరోధక జన్యువుల్లో ఒకటి ఆఫ్రికా అడవి వరిది. ఆ మాట బంధువులతో చెప్పండి.

గోధుమదీ అదే కథ. తుప్పు పట్టిన ఆకును రుద్దితే వేలికి ఇటుక పొడిలా అంటుకుంటుంది. తెగులును మోసే బూజు విత్తనాలే ఆ పొడి; అదే గాలిలో దేశాలు దాటుతుంది. రై అనే ధాన్యం నుంచి వచ్చిన ఎస్ఆర్31 అనే జన్యువు గోధుమను తుప్పు నుంచి దశాబ్దాలు కాపాడింది. 1998లో ఉగాండాలో కనిపించిన యూజీ99 అనే కొత్త రకం తుప్పు దాన్ని జయించింది. తర్వాత ఏజిలాప్స్ అనే అడవి గడ్డిలోని ఎస్ఆర్33 జన్యువు ఆ తుప్పును నిలువరిస్తుందని తేలింది. 2013లో ఆ జన్యువును విడదీశారు కూడా. అయితే గడ్డితో సంకరం చేస్తే పనికిరాని గుణాలూ వెంట వస్తాయి. వాటిని వదిలించడానికి మళ్లీ మళ్లీ గోధుమతోనే కలపాలి. ఏళ్లు పడుతుంది. పీహెచ్‌డీ దాకా చదవాలి, పోస్టులూ తక్కువే. కానీ ఈ విద్య నేర్చిన మనిషి రేపు వరి మీదా, మొక్కజొన్న మీదా పనిచేయగలదు.

డేటా సైన్స్ మీద నాకు అనుమానాలున్నాయి. పిల్లకు స్టాటిస్టిక్స్ ఇష్టమా అని అడిగితే నా ఎదుట కూర్చున్న తల్లిదండ్రులు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. పక్కింటివారి అబ్బాయి వెళ్లాడట, అంతే. చదువయ్యాక ఉద్యోగం, ఆపైన వీసా లాటరీ; అప్పు వడ్డీ మాత్రం ఏ లాటరీకీ ఆగదు. పొలం తాకట్టుకు సిద్ధపడ్డ మీరు, అమ్మాయి చెప్పేది ఒక పూట కూర్చుని విన్నారా? విని ఉంటే ఉత్తరంలో ఆమె మాట ఒక్కటైనా ఉండేది.

వరంగల్‌లో ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం ఉంది. ముందుగా అనుమతి అడిగి, వరి పూత సమయంలో ఇద్దరూ వెళ్లండి. సంకరం కోసం ఒక్కో పువ్వు కొస కత్తిరించి, లోపలి కేసరాలు తీసేసి, వెన్నుకు కాగితం సంచి తొడుగుతారు. ఆ పని గంటసేపు చూశాక కూడా ఆమెకు చేయాలనిపిస్తుందేమో చూడండి. పక్కనే నిలబడండి, సలహా ఇవ్వకుండా.