మతిలాల్‌ని ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: ఎం.ఏ. ఫిలాసఫీ చదువుతున్నాను. బిమల్ కృష్ణ మతిలాల్ నవ్యన్యాయ (న్యాయదర్శనంలో తర్వాతి కాలపు తర్కశాఖ) అభావవాదం, అంటే ‘లేకపోవడం’ గురించిన సిద్ధాంతం, మీద రాసిన పుస్తకం తెరిచాను, మొదటి అధ్యాయమే దాటలేకపోయాను. ఆయన నేపథ్యం ఏమిటి? పుస్తకాలు ఏ వరుసలో చదవాలి?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: చాలామంది ఆగిపోయేది అక్కడేనండి. 1968లో హార్వర్డ్ ప్రాచ్య గ్రంథమాలలో వచ్చిన ఆ పుస్తకం ఆయన పీహెచ్‌డీ పరిశోధన ఫలం. కలకత్తా సంస్కృత కళాశాలలో పాఠాలు చెప్పిన మతిలాల్ (1935–1991) హార్వర్డ్ వెళ్లి, సంస్కృత పండితుడు ఇంగాల్స్ దగ్గర పరిశోధన చేస్తూ, తత్వవేత్త క్వైన్ దగ్గర ఆధునిక తర్కం చదివారు. తర్వాత టొరంటో, 1976 నుంచి ఆక్స్‌ఫర్డ్‌లో స్పాల్డింగ్ పీఠం (ప్రాచ్య మతాలు, నీతిశాస్త్రాల ప్రొఫెసర్ పదవి). మన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వైస్ చాన్సలర్‌గా చేసిన రాధాకృష్ణన్ 1936లో అధిష్ఠించిన పీఠం అదే. మతిలాల్ దారి మాత్రం వేరు. భారతీయ దర్శనమంటే మోక్షచింతన ఒక్కటే అనుకునేవాళ్లకు అందులోని ప్రమాణాలు (జ్ఞానం కలిగించే సాధనాలు), శబ్దం (మాట ద్వారా కలిగే జ్ఞానం), వాదపద్ధతి చూపించడం ఆయన పని.

ముందు అన్నంభట్టు రాసిన తర్కశాస్త్ర ప్రవేశగ్రంథం తర్కసంగ్రహం, దానికి ఆయనే రాసిన దీపిక అనే వ్యాఖ్యతో సహా చదవండి. ‘కాశీకి పోయినంత మాత్రాన అన్నంభట్టు కాలేరు’ అన్న నానుడి ఆయన మీదే. అందులో సప్తపదార్థాలు (ఉన్నవాటన్నిటినీ విభజించే ఏడు వర్గాలు), నాలుగు రకాల అభావాలు నోటికి రావాలి.

తర్వాత ఒక్క వాక్యం పట్టుకోండి: ‘నేల మీద కుండ లేదు’. లేనిది కుండ, అది ప్రతియోగి. లేకపోవడానికి చోటు నేల, అది అనుయోగి. కుండను ఏ ధర్మంతో కాదంటున్నామో అది ప్రతియోగితావచ్ఛేదకం, ఇక్కడ కుండత్వం. నేల మీద ఎర్ర కుండ ఉన్నా ‘నల్ల కుండ లేదు’ అనవచ్చు, అవచ్ఛేదకం మారింది కాబట్టి. సంబంధం కూడా చెప్పాలి: నేల మీదున్న కుండ సంయోగంతో (రెండు విడి వస్తువుల కలయికతో) ఉంది; సమవాయంతో (విడదీయరాని సంబంధంతో) అది ఉండేది తన కపాలాల్లోనే, అంటే కుండ తయారైన భాగాల్లోనే, నేలలో కాదు. అంటే ఉన్న కుండే ఒక సంబంధంతో ‘లేదు’! ఇది వదిలేసి ముందుకు పోతే ప్రతి పేజీలోనూ విరోధమే కనిపిస్తుంది.

ఇక వాద (సత్యం కోసం చర్చ), జల్ప (గెలుపు కోసం చర్చ), వితండాల (ఎదుటివాదాన్ని ఖండించడమే పనిగా చేసే చర్చ) మీద మతిలాల్ మరణానంతరం 1998లో వచ్చిన చిన్న పుస్తకం ‘ది క్యారెక్టర్ ఆఫ్ లాజిక్ ఇన్ ఇండియా’, ఆపైన ప్రత్యక్షం (ఇంద్రియాలతో కలిగే జ్ఞానం) మీద 1986 నాటి పెద్ద పుస్తకం ‘పర్సెప్షన్’. బౌద్ధులకూ నైయాయికులకూ (న్యాయదర్శనం వాళ్లకూ) నడిచిన పోరు ఈ రెండో పుస్తకంలో విస్తారంగా ఉంది. నా లెక్కన అదే ఆయన ఉత్తమ రచన. మీరు తెరిచిన అభావవాదం పుస్తకం చివర్న. దాని రెండో భాగంలో నవ్యన్యాయ ఆచార్యులైన గంగేశుడి, రఘునాథుడి మూలాల అనువాదాలున్నాయి. వాటిని సంస్కృత మూలం పక్కన పెట్టుకోకుండా చదవకండి.