బ్రోకా ప్రాంతం గురించి చదవాలంటే ఎంబీబీఎస్ ఒక్కటే దారా?

ప్రశ్న: ఇంటర్ రెండో ఏడాది బైపీసీ చదువుతున్నాను. మా తాతయ్యకు ఆ మధ్య పక్షవాతం వచ్చింది. మూతి సర్దుకుంది, నడుస్తున్నారు, కుడి చెయ్యి కొంచెం మెరుగైంది. మాట మాత్రం రాలేదు. మేం చెప్పేది అర్థమవుతుంది, జవాబు ఒకటి రెండు ముక్కల్లో ఆగిపోతుంది. ‘బ్రోకాస్ ఏరియా దెబ్బతింది’ అన్నారు డాక్టర్. అప్పటి నుంచి ఆ విషయమే చదవాలనిపిస్తోంది. నీట్‌లో మంచి ర్యాంకు వస్తుందన్న నమ్మకం లేదు. వేరే దారులున్నాయా? అసలు ఆ భాగం గురించి ఎక్కడ మొదలుపెట్టాలి? - ఒక విద్యార్థిని, ఖమ్మం

జవాబు: దారులున్నాయి. మీ రెండో ప్రశ్న ముందు తీసుకుంటాను. ఆ కాస్త మెదడు చుట్టూ పనిచేసేవాళ్లలో ఒకరు రక్తనాళాన్ని చూస్తారు, ఒకరు మాటను చూస్తారు, ఇంకొకరు అది ఎలా పనిచేస్తుందో తేల్చే ప్రయోగాలు చేస్తారు. వీటిలో మిమ్మల్ని పట్టి లాగేది ఏదో తెలిస్తే కోర్సు ఎంచుకోవడం కష్టం కాదు.

మెదడు బొమ్మను ఎడమ పక్క నుంచి చూడండి. కింద, చెవి దగ్గర ఉన్న టెంపోరల్ లోబ్‌ను పైభాగం నుంచి వేరుచేస్తూ ఒక లోతైన గాడి కనిపిస్తుంది. దాని పేరు లాటరల్ సల్కస్. పాత పుస్తకాల్లో సిల్వియన్ ఫిషర్ అని ఉంటుంది. దాని పైన, ముందువైపు, నుదుటి వెనకున్న ఫ్రంటల్ లోబ్ మీద మూడు మడతలు ఒకదాని కింద ఒకటి ఉంటాయి. అన్నిటికంటే కిందది ఇన్ఫీరియర్ ఫ్రంటల్ గైరస్. గాడిలోంచి రెండు చిన్న కొమ్మలు ఈ మడతలోకి చొచ్చుకొస్తాయి, ఒకటి ముందుకు అడ్డంగా, ఒకటి పైకి నిలువుగా. దాంతో మడత మూడు ముక్కలవుతుంది. అడ్డకొమ్మకు ముందున్నది పార్స్ ఆర్బిటాలిస్. రెండు కొమ్మల నడుమ త్రికోణంలా ఉన్నది పార్స్ ట్రయాంగులారిస్. నిలువు కొమ్మకు వెనక, ప్రీసెంట్రల్ సల్కస్ దాకా ఉన్నది పార్స్ ఆపర్క్యులారిస్. మెదడు ఎడమ సగంలో ఉన్న ఈ చివరి రెండు ముక్కలనూ కలిపి బ్రోకా ప్రాంతం అంటారు. 1909లో బ్రాడ్‌మన్ అనే జర్మన్ శాస్త్రవేత్త కణాల అమరికను బట్టి మెదడుకు వేసిన నంబర్లలో ట్రయాంగులారిస్ 45, ఆపర్క్యులారిస్ 44. కుడిచేతివాటం ఉన్నవాళ్లలో దాదాపు 95 శాతం మందికి, ఎడమచేతివాటం వాళ్లలో 70 శాతం మందికి భాష ప్రధానంగా ఎడమవైపే ఉంటుంది.

ఇరుగుపొరుగు కూడా తెలియాలి, ఎందుకంటే వైద్యం సగం అక్కడే ఉంది. 44కు సరిగ్గా వెనక పెదవుల్ని, నాలుకను, ముఖాన్ని కదిలించే మోటార్ కార్టెక్స్ ఉంటుంది, దాని పైన చేతిది. వీటన్నిటికీ రక్తం తెచ్చేది మిడిల్ సెరిబ్రల్ ఆర్టరీ పై శాఖ. అది మూసుకుపోతే మాట, మూతి, కుడి చెయ్యి ఒకేసారి పోతాయి. కాలిని నడిపే భాగం మెదడు నడిమి గోడ మీద, వేరే ధమని కింద ఉంటుంది కాబట్టి కాలు కొంత తప్పించుకుంటుంది. మీ తాతయ్య నడక త్వరగా రావడానికి కారణం ఇదే కావచ్చు.

ఇక పని. 1861లో పారిస్ దగ్గర బిసేత్ర్ ఆసుపత్రిలో లెబోర్న్య్ అనే రోగి చనిపోయాడు. ఏళ్ల తరబడి అతను ‘టాన్’ అనే ఒక్క అక్షరమే పలికేవాడు, ఎదుటివాళ్ల మాటలు మాత్రం గ్రహించేవాడు. పాల్ బ్రోకా అనే సర్జన్ అతని మెదడు తీసి చూసి ఎడమ ఫ్రంటల్ లోబ్ కింది మడతలో గాయం చూపించాడు. అక్కడి నుంచి ‘బ్రోకా ప్రాంతం మాట పుట్టే చోటు’ అనే వాక్యం పుస్తకాలకెక్కింది. పరీక్షలో రాయడానికి అది చాలు, ఈ రంగంలోకి వచ్చేవాళ్లకు చాలదు. బ్రోకా ఆ మెదడును కోయకుండా భద్రపరిచాడు కాబట్టి 2007లో దాన్ని ఎమ్మారై తీయగలిగారు. గాయం ఆ మడతతో ఆగలేదు, లోపల, గాడి అడుగున దాగి ఉండే ఇన్సులా అనే భాగంలోకి, వెనక టెంపోరల్ లోబ్‌ను ముందుతో కలిపే నరాల కట్టల్లోకి పాకి ఉంది. అంతకుముందే, 1978లో, ఇంకో సంగతి బయటపడింది. బ్రోకా ప్రాంతం ఒక్కటే దెబ్బతిన్నవాళ్లకు మొదట మాట పూర్తిగా పడిపోయినా కొన్ని వారాల్లో చాలావరకు తిరిగొస్తుంది. నెలల తరబడి నిలిచిపోయే బ్రోకాస్ అఫేసియాకు (మెదడు దెబ్బతిని భాష పోవడాన్ని అఫేసియా అంటారు) గాయం దానికంటే పెద్దదై, లోతుగా ఉండాలి. స్కాన్ రిపోర్టులో గాయం ఎంతదో, తెల్ల పదార్థంలోకి, అంటే లోపలి నరాల కట్టల్లోకి, ఎంత దిగిందో డాక్టర్లు వెతికేది ఇందుకే.

2015లో మూర్ఛ శస్త్రచికిత్స కోసం మెదడు ఉపరితలం మీద ఎలక్ట్రోడ్లు పెట్టినవాళ్లతో మాటలు పలికిస్తూ సంకేతాలు రికార్డు చేశారు. పలకడానికి ముందు బ్రోకా ప్రాంతం చురుగ్గా ఉంది. నోరు కదులుతున్న ఆ క్షణాల్లో మాత్రం దాదాపు మౌనంగా ఉంది. అంటే అది మాటను సిద్ధంచేసి మోటార్ కార్టెక్స్‌కు అప్పగిస్తోంది. స్థూలంగా 44కు ధ్వనుల వరసతో, వాక్య నిర్మాణంతో సంబంధం ఎక్కువ, 45కు పోటీపడే పదాల్లోంచి సరైనదాన్ని ఎంచుకోవడంతో. హద్దులు గీత గీసినట్టు ఉండవు, మనిషికీ మనిషికీ మారతాయి కూడా.

దీన్ని తెలుగులో చూడాలంటే రెండు వాక్యాలు చాలు: ‘పులి ఏనుగును చంపింది’, ‘పులిని ఏనుగు చంపింది’. పదాల వరస ఒకటే. ఎవరు చచ్చారో చెప్పేది ఒక్క విభక్తి. ‘మంచినీళ్లు తెమ్మంటారా?’ అంటే ఠక్కున తలూపే మనిషే, ఈ రెండో వాక్యం చెప్పి చచ్చింది ఏదో బొమ్మ చూపమంటే తడబడవచ్చు. అందుకే ‘అంతా అర్థమవుతుంది’ అని ఇంట్లోవాళ్లు అనేది పూర్తిగా నిజం కాదు. సందర్భాన్ని బట్టి ఊహించగలిగేది అర్థమవుతుంది, వ్యాకరణం మీదే ఆధారపడ్డది జారిపోతుంది. మాట్లాడేటప్పుడూ అంతే, ‘నిన్న... ఆసుపత్రి... ఇంజక్షన్’ అని నామవాచకాలు మిగులుతాయి. ఇంగ్లిష్‌లో క్రియకు చివర ఉన్నది రాలిపోయినా ఒక పదం మిగులుతుంది. మనకు ఒట్టి ‘వెళ్’ పదం కాదు కాబట్టి రోగి ఏదో ఒక ప్రత్యయం తగిలిస్తాడు, ‘వెళ్లాను’కు బదులు ‘వెళ్లింది’ రావచ్చు. ఇంగ్లిష్ థెరపీ పుస్తకాన్ని తెలుగు చేసి వాడితే కుదరకపోవడానికి కారణం ఇది. తెలుగు మీద పట్టున్న థెరపిస్టుకు ఇక్కడ చెయ్యడానికి చాలా పని ఉంది.

ఇప్పుడు కోర్సులు. మీరు రాసినదాన్ని బట్టి నేను మొదట చూడమనేది బీఏఎస్‌ఎల్‌పీ, అంటే ఆడియాలజీ అండ్ స్పీచ్ లాంగ్వేజ్ పాథాలజీ డిగ్రీ. మూడేళ్ల చదువు, ఒక ఏడాది ఇంటర్న్‌షిప్. ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ ఉన్నాయి కాబట్టి మీకు అర్హత ఉంది. దీన్ని నీట్ రానివాళ్లు చేరే కోర్సుగా చూస్తారు మన దగ్గర, అది పొరపాటు లెక్క. గడ్డ కరిగించే మందుకు పక్షవాతం మొదలైనప్పటి నుంచి సాధారణంగా నాలుగున్నర గంటలే గడువు. మాట తిరిగి తెప్పించే పని తర్వాత నెలలు, ఏళ్లు సాగుతుంది, అది చేసేది స్పీచ్ థెరపిస్టే.

ఆ పని ఎలా ఉంటుందంటే, ముందు ‘మాట రాలేదు’ అన్నదాన్ని విడదీయాలి. పదమే దొరక్కపోతే, వాక్యం కట్టలేకపోతే అఫేసియా. పదం తెలిసీ, కండరాల బలం ఉండీ, ధ్వనుల కదలికలు కూర్చలేక నోరు తడుముకుంటుంటే అప్రాక్సియా. కండరాలు బలహీనమై మాట ముద్దగా వస్తే డిసార్థ్రియా, ఇందులో వాక్యం, రాత సరిగ్గానే ఉంటాయి. ఒకే మనిషిలో రెండు మూడు కలిసి ఉండవచ్చు. అఫేసియా అనుకుని డిసార్థ్రియాకు బొమ్మల కార్డులతో పేర్లు చెప్పిస్తూ కూర్చుంటే నెలలు వృథా. ధారాళత, అర్థం చేసుకోవడం, విని తిరిగి చెప్పడం, పేర్లు చెప్పడం, చదవడం, రాయడం అన్నీ విడివిడిగా పరీక్షిస్తారు. తిరిగి చెప్పడం బాగుంటే గాయం బ్రోకా ప్రాంతంలో కాక దాని చుట్టుపక్కల ఉందని అనుమానించాలి. ‘నోటితో రాకపోతే రాసి చూపించు’ అని పలకా బలపం ఇస్తుంటారు. అదీ సాధారణంగా పనిచెయ్యదు, రాత కూడా అదే భాషా వ్యవస్థ నుంచి రావాలి.

ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టడం, వారాల పేర్లు, కంఠతా వచ్చిన పాటలు తరచూ మిగిలే ఉంటాయి. దాన్ని ఆసరా చేసుకుని 1973లో బోస్టన్‌లో మెలోడిక్ ఇంటొనేషన్ థెరపీ రూపొందించారు. ‘నీళ్లు కావాలి’ వంటి చిన్న వాక్యాన్ని రెండు స్వరాల్లో రాగం తీస్తూ, ఎడమచేత్తో అక్షరానికి ఒక తట్టు చొప్పున తడుతూ పలికిస్తారు, మెల్లగా రాగం తగ్గిస్తారు. భజన పాడించడంతోనే మాట రాదు. పాట నుంచి సొంత వాక్యానికి దాటించే మెట్లే అసలు థెరపీ. మింగడం పరీక్షించే బాధ్యత కూడా స్పీచ్ థెరపిస్టుదే. నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది.

ఒక మాట ముందే చెప్పాలి. ఈ డిగ్రీతో బయటికొస్తే ఎక్కువగా దొరికేది పిల్లల పని: మాటలు ఆలస్యమైన పిల్లలు, ఆటిజం, వినికిడి లోపం, కాక్లియర్ ఇంప్లాంట్. పక్షవాతం రోగులతోనే పనిచేయాలంటే పీజీలో స్పీచ్ లాంగ్వేజ్ పాథాలజీ తీసుకుని, న్యూరాలజీ విభాగమున్న పెద్ద ఆసుపత్రుల్లో చేరాలి. మొదటి ఉద్యోగంలో జీతం గొప్పగా ఉండదు. పిల్లలతో రోజంతా గడపడం మీకు ససేమిరా పడకపోతే ఈ దారి ఇబ్బందే.

కాలేజీల్లో మైసూరులోని ఆలిండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పీచ్ అండ్ హియరింగ్ 1965 నుంచి ఉంది, దానికే మొదటి దరఖాస్తు. దగ్గర్లో కావాలంటే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాద్‌లో ఉంది. ప్రైవేటు కాలేజీ ఏదైనా ఫీజు కట్టేముందు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా వెబ్‌సైట్‌లో ఆ కాలేజీ, ఆ కోర్సు, ఆ విద్యా సంవత్సరం మూడూ ఉన్నాయో లేదో చూడండి. గుర్తింపు లేని చోట చదివితే కౌన్సిల్ రిజిస్ట్రేషన్ రాదు, అది లేకుండా ప్రాక్టీసు చెయ్యకూడదు.

న్యూరాలజిస్టు కావాలంటే ఎంబీబీఎస్ అయిదున్నరేళ్లు, ఎండీ మూడేళ్లు, డీఎం మూడేళ్లు, మధ్యలో రెండు ప్రవేశ పరీక్షలు. రక్తనాళం, స్కాన్, మందు మీద ఆసక్తి ఉంటే తప్ప ఇంత దూరం వెళ్లనక్కర్లేదు. లాంగ్ టర్మ్ కోచింగ్‌కు ఒక ఏడాది ఇవ్వడంలో తప్పులేదు. రెండో ఏడాది కూడా ఇస్తానంటే వద్దంటాను.

మూడోది పరిశోధన. బీఎస్సీ, ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ, కలిపి పదేళ్ల మాట. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో న్యూరల్ అండ్ కాగ్నిటివ్ సైన్సెస్ కేంద్రం, బెంగళూరు ఐఐఎస్సీలో న్యూరోసైన్స్ కేంద్రం, మానేసర్‌లో నేషనల్ బ్రెయిన్ రిసెర్చ్ సెంటర్ ఉన్నాయి. గణితం వదిలేసిన బైపీసీ పిల్లలు ఇక్కడే చిక్కుకుంటారు, డిగ్రీలో స్టాటిస్టిక్స్, కాస్త ప్రోగ్రామింగ్ నేర్చుకోండి. మన నేల మీద ఏం పరిశోధించవచ్చో ఒక ఉదాహరణ: హైదరాబాద్ నిమ్స్‌లో 608 మంది పక్షవాతం రోగుల్ని పరిశీలించి 2016లో ఫలితాలు ప్రచురించారు. ఒకటికంటే ఎక్కువ భాషలు వచ్చినవాళ్లలో 40.5 శాతం మందికి జ్ఞాపకం, ఆలోచన వంటివి మామూలుగా నిలిచాయి, ఒకే భాష వచ్చినవాళ్లలో 19.6 శాతం మందికే. అఫేసియా రావడంలో మాత్రం ఇద్దరికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఎందుకు లేదన్న ప్రశ్న మిమ్మల్ని నిద్రపోనివ్వకపోతే మీ చోటు ల్యాబ్.

పబ్లిక్ పరీక్షలయ్యాక చేయాల్సింది ఒకటుంది. తాతయ్య థెరపీకి వెళ్తుంటే థెరపిస్టు అనుమతి అడిగి రెండు మూడు సెషన్లు పక్కన కూర్చోండి. ఏ పని ఇచ్చారు, ఎన్ని సెకన్లు ఆగి చూశారు, ఎలాంటి సాయం అందించారు (మొదటి అక్షరమా, పెదవుల కదలికా, బొమ్మా), దేనికి మాట వచ్చింది అన్నది కాగితం మీద రాసుకోండి. సెషన్ 45 నిమిషాలు నడిచి మూడు పదాలు వస్తే, ఆ మూడూ ఎందుకొచ్చాయో తెలుసుకోవాలనిపిస్తే బీఏఎస్‌ఎల్‌పీకి దరఖాస్తు పెట్టండి.