పెద్దవాళ్లకు పేగులో పేగు దూరితే ఆపరేషన్ లేకుండా సరిచేయలేరా?

మీ నాన్నగారికి వాంతులయ్యాయని, సీటీ స్కాన్‌లో పేగులో పేగు దూరిందని తేలిందని రాశారు. పిల్లలకు చేసినట్టు కింద నుంచి గాలి పంపి సరిచేయొచ్చు కదా అని మీ ప్రశ్న. చేయరు. చేస్తామనే డాక్టరు దొరికినా ఒప్పుకోకండి. మా చిన్నాయన విషయంలో దగ్గరుండి అంతా చూశాను కాబట్టే ఇంత గట్టిగా చెప్తున్నా.

మాది మహారాష్ట్రలో, తెలంగాణ సరిహద్దున ఉన్న సిరొంచ. చిన్నాయన మిర్చి రైతు. నెలల తరబడి అన్నం తిన్న కాసేపటికి కడుపు మెలిపెట్టేది. వంగిపోయి గోడకు ఆనుకుని కూర్చునేవాడు, తగ్గగానే ఏమీ ఎరగనట్టు చేనుకు పోయేవాడు. ఇలా వచ్చిపోవడమే కొంప ముంచేది. ఆర్‌ఎంపీ గ్యాస్ అని సూది వేశాడు. ఇంకొకామె బొడ్డు జరిగిందని ఆముదం రాసి, బొటనవేలితో చుట్టూ గట్టిగా తోమింది. మా దగ్గర కడుపులో ఏ బాధైనా ముందు గ్యాస్, అది కాకపోతే బొడ్డు. మూడో రోగమే లేదు!

ఒక రాత్రి కడుపు ఉబ్బి, పసరు కక్కడం మొదలుపెట్టాడు. జిల్లా ఆసుపత్రి గడ్చిరోలిలో ఉంది, 200 కిలోమీటర్ల పైనే. ఆ అల్లాపల్లి రోడ్డు మీద పోతే బాగున్న పేగు కూడా మెలిపడుతుంది. అందుకే గోదావరి వంతెన దాటి, కాళేశ్వరం మీదుగా వరంగల్ తీసుకెళ్లాం. కౌంటర్లో మొదటి మాట, "మహారాష్ట్ర కార్డా? ఆరోగ్యశ్రీ రాదు." ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, రోగమొస్తే తెలంగాణ, డబ్బు మాత్రం జేబులోంచి. సరే, అది వేరే పంచాయితీ.

సర్జన్ సీటీ ఫిల్ము లైటుకు పెట్టి చూపించాడు. అడ్డంగా కోసిన ఉల్లిగడ్డలా గుండ్రంలో గుండ్రం. మా చిన్నమ్మ కూడా మీలాగే అడిగింది, "గుంజి సక్కగ చేయరాదా సారూ, కోసుడెందుకు?"

ఆయన విసుక్కోలేదు. "పసిపిల్లలల్ల చానాసార్లు లోపల గడ్డ ఉండదమ్మా, గాలి పెడితే వెనక్కి వస్తది. పెద్దోళ్లల్ల నూటికి 90 మందికి ఏదో ఒకటి ఉంటది. పేగు దాన్ని ముందుకు నెడుతుంటే, గోడ కూడా దానెంబడి లోపలికి పోతది. గుంజినా గడ్డ ఆడనే ఉంటది గదా."

ఆ గడ్డ ఏమిటన్నదే అసలు సంగతి. చిన్న పేగులో అయితే ఎక్కువగా కొవ్వు గడ్డో, లోపలి పొర మీద మొలిచే పాలిపో, పేగు గోడకు పుట్టుకతో ఉండే మెకెల్ సంచో అవుతుంది. పాత ఆపరేషన్ తాలూకు అతుకుల వల్లా రావచ్చు. పెద్ద పేగులో అయితే క్యాన్సర్ అనుమానం బాగా ఎక్కువ. లాగితే కణాలు చెదరొచ్చు, వాచిన పేగు చిరగొచ్చు. కాబట్టి అక్కడ ఆ భాగాన్ని ఉన్నదున్నట్టు, దాని చుట్టూ ఉన్న లింఫు గ్రంథులతో సహా తీసేస్తారు. చిన్న పేగులో రంగు బాగుంటే మెల్లగా వెనక్కి తెచ్చి, గడ్డ ఉన్న మేర మాత్రమే కోసి రెండు కొసలూ కలుపుతారు.

చిన్నాయనకు చిన్న పేగులోనే, కానీ కొంత నల్లబడిపోయింది, అదీ కోసి తీసేశారు. తీసిన ముక్కను పరీక్షకు (బయాప్సీకి) పంపితే ఉత్త కొవ్వు గడ్డ అని వచ్చింది. కుట్లు విప్పగానే ఇంటికొచ్చేసి ఆ రిపోర్టు తెచ్చుకోనివాళ్లు మా ఊళ్లో ఎంతమందో! అంత డబ్బు పోసి, అసలు కాగితం అక్కడే వదిలేస్తారు.

వేరే దేనికో సీటీ తీస్తే, కాసేపు దూరి దానంతటదే వదిలేసే రకం కూడా కనపడుతుంది. గడ్డా అడ్డంకీ లేకపోతే దాన్ని కోయరు. మీ నాన్నగారికి వాంతులున్నాయి కాబట్టి ఆ ఆశ పెట్టుకోకండి. రిపోర్టులో చిన్న పేగని ఉందా, పెద్ద పేగని ఉందా? అది మీరు రాయలేదు. కడుపు ఉబ్బి, కింద నుంచి గాలి కూడా పోవడం లేదంటే మాత్రం నాకు జవాబు రాస్తూ కూర్చోకుండా బండి ఎక్కించండి.