కస్టమర్ ఇచ్చిన ప్లైవుడ్ డబ్బు మీ ఆదాయం కాదు

ఇంటీరియర్ పనులు సొంతంగా చేస్తున్నానని, కస్టమర్లు మొత్తం డబ్బు మీ అకౌంట్‌కే వేస్తారని, అందులోంచే ప్లైవుడ్డుకీ వడ్రంగి కూలికీ ఇస్తానని రాశారు. ఐటీ రిటర్నులో ఏది ఆదాయంగా చూపాలి, ఏది ఖర్చుగా రాయాలి అని అడిగారు. నేనూ విజయవాడలో ఇదే పని చేస్తున్నాను కాబట్టి చెబుతున్నాను. రిటర్ను గురించి జులైలో ఆలోచిస్తే ఆలస్యమైపోయినట్టే. కస్టమర్‌తో రేటు మాట్లాడుకునే రోజే ఆలోచించాలి. మీ అకౌంట్లోకి ఏ డబ్బు రానిస్తారో దాన్నిబట్టే మీ పన్ను తేలుతుంది.

ఒక డెంటల్ క్లినిక్ పని సంగతి చెబుతాను. రిసెప్షన్ కౌంటరు, రెండు క్యాబిన్లు, ఫాల్స్ సీలింగు, లైటింగు. అంతా కలిపి 11,40,000 రూపాయలు. అందులో నా డిజైన్ ఫీజు 1,80,000. మిగతా 9,60,000 సామాన్లకీ, వడ్రంగికీ, ఎలక్ట్రీషియన్‌కీ. డాక్టరు గారు మంచివారే. "నాకు పేషెంట్లతోనే సరిపోతుందమ్మా, డబ్బు మీకు పంపేస్తుంటా, మీరే దగ్గరుండి కొనిపించండి" అన్నారు. సరేనని ప్రతి షాపు బిల్లూ క్లినిక్ పేరు మీదే, క్లినిక్ జీఎస్టీ నంబరుతోనే రాయించాను. మేస్త్రి వోచర్ల మీద కూడా క్లినిక్ పేరే. నా ఫీజుకి మాత్రం నా బిల్లు విడిగా ఇచ్చాను.

మార్చిలో పని అయిపోయింది. మా మేస్త్రిది రాజస్థాన్. హోలీకి కుర్రాళ్లను తీసుకుని ఊరెళ్లాలి, టికెట్లు కూడా తీసేసుకున్నాడు. ఆఖరి పేమెంటు పడగానే అతని లెక్క తేల్చేస్తానని మాటిచ్చాను. పడింది. కానీ రావాల్సిన దానికి 96,000 తక్కువ. క్లినిక్ అకౌంటెంటుకి ఫోన్ చేస్తే, "మొత్తం మీద 194జే కింద పది శాతం టీడీఎస్ కోశామండీ. మీరు రిటర్ను వేసుకుంటే వెనక్కొస్తుంది కదా" అన్నాడు. టీడీఎస్ అంటే డబ్బు ఇచ్చేవాళ్లే ముందుగా కోసి మన పాన్ మీద ప్రభుత్వానికి కట్టే పన్ను, 194జే అంటే ప్రొఫెషనల్ ఫీజు మీద దాన్ని కోసే సెక్షన్ (ఇక్కడ నేను చెప్పే సెక్షన్ నంబర్లన్నీ 1961 పన్ను చట్టంలోవి, 2026 ఏప్రిల్ నుంచి కొత్త చట్టంలో నంబర్లు వేరు). కోయాల్సింది నా ఫీజు మీద, అంటే 18,000. కోసింది 1,14,000. ప్లైవుడ్డు షాపువాడికి ఇచ్చిన డబ్బు మీద కూడా నా పాన్ నంబరుతో పన్ను కట్టేశారు.

వెనక్కొచ్చేది ఎప్పుడో. మేస్త్రి రైలు ఎల్లుండి. అతను గొడవేమీ చేయలేదు, "మేడమ్, కుర్రాళ్లకి కూలి ఇవ్వకుండా ఊరికి ఎట్లా పోతా" అని మాత్రం అన్నాడు. ఆ నెల చీటీ పాట ఎక్కువకి పోతోందని తెలిసి కూడా పాడేసుకుని, అతని అకౌంటుకి పంపాను. చేతిపని చేసేవాళ్ల కూలి టీడీఎస్ పేరుతో ఆగకూడదు. ఈ విషయంలో నేను ఎవరితోనైనా వాదిస్తాను.

జూన్‌లో 26ఏఎస్, అంటే మన పాన్ మీద ఎవరెంత టీడీఎస్ కట్టారో చూపే స్టేట్‌మెంటు తెరిస్తే, ఆ క్లినిక్ నుంచి నాకు 11,40,000 ప్రొఫెషనల్ ఫీజు వచ్చినట్టు ఉంది. మా ఆడిటర్ గారు చూసి, "దీన్ని ఇలాగే పెట్టి 44ఏడీఏలో వేస్తే అందులో సగం, 5,70,000 మీ లాభం అంటారు. మీ ఫీజే మొత్తం లక్షా ఎనభై వేలు కదమ్మా" అన్నారు. 44ఏడీఏ అంటే ఖర్చుల లెక్క లేకుండా వసూళ్లలో సగాన్ని లాభంగా చూపించే పద్ధతి. పోనీ లాభం సగం కంటే తక్కువని చూపిద్దామంటే, మొత్తం ఆదాయం పన్ను పరిమితి దాటినప్పుడు పుస్తకాలు రాసి, ఆడిట్ చేయించాల్సిందే. ఆడిట్ ఫీజు మళ్లీ నా జేబులోంచే.

ఫైలు పట్టుకుని డాక్టరు గారి దగ్గరికి వెళ్లాను. నా ఫీజు బిల్లు, క్లినిక్ పేరున ఉన్న షాపు బిల్లులు, వోచర్లు, నా బ్యాంకు స్టేట్‌మెంటు ఒక్కో కాగితం పక్కపక్కన పెట్టి చూపించాను. ఆయన అక్కడికక్కడే అకౌంటెంటుని పిలిచి టీడీఎస్ స్టేట్‌మెంటు సవరించమన్నారు. ఎక్కువ కట్టింది వాళ్ల మిగతా టీడీఎస్‌లో సర్దుకోవచ్చని మా ఆడిటర్ గారు ఫోన్లో వివరించాకే అకౌంటెంటు ఒప్పుకున్నాడు. ఏఐఎస్‌లో, అంటే పన్ను శాఖ మన గురించి పోగుచేసే వార్షిక సమాచార పట్టికలో కూడా ఈ సమాచారం సరిగ్గా లేదని ఫీడ్‌బ్యాక్ పెట్టాము. రిటర్ను గడువు లోపలే లెక్క సరిపోయింది, నా 96,000 నాకొచ్చాయి. చీటీలో పోయిన తగ్గింపు మాత్రం ఎవరిస్తారు?

అప్పట్నుంచి నా పద్ధతి ఒకటే. సామాన్ల డబ్బు కస్టమర్ నేరుగా షాపుకి పంపాలి, కూలి నేరుగా మేస్త్రికి పంపాలి. నా అకౌంటుకి నా ఫీజు తప్ప ఇంకో రూపాయి రాకూడదు. కొందరు కస్టమర్లు చిరాకు పడతారు, పడనివ్వండి. ఇలా చేస్తే మీ రిటర్ను చాలా తేలిక. ఇంటీరియర్ డెకరేషన్ 44ఏడీఏ వర్తించే వృత్తుల్లో పేరుపెట్టి ఉంది. ఏడాది వసూళ్లు 50 లక్షల లోపు ఉంటే, నగదు అయిదు శాతం దాటకపోతే 75 లక్షల వరకూ, ఐటీఆర్-4 అనే రిటర్ను ఫారంలో సగం లాభంగా చూపిస్తే చాలు. అక్కడ ఖర్చులు విడివిడిగా రాసే పని లేదు, మిగతా సగం ఖర్చు కింద వదిలేసినట్టే. నిజంగా సగం కంటే ఎక్కువ మిగిలితే ఆ ఎక్కువే చూపించాలి, అది మరిచిపోకండి. జీఎస్టీకి కూడా ఇదే మేలు. సేవలకి రిజిస్ట్రేషన్ అక్కర్లేని పరిమితి ఏడాదికి 20 లక్షలు. ఊరందరి ప్లైవుడ్డు డబ్బు మీ బిల్లులోంచి తిరిగితే ఆ పరిమితి ఇట్టే దాటుతుంది.

మీరు సామాన్లతో కలిపి చదరపు అడుగుకి ఇంత అని ఒప్పుకుని, బిల్లులన్నీ మీ పేరునే తీసుకుంటుంటే దారి వేరు. నన్నడిగితే అది కాంట్రాక్టు వ్యాపారం. చిన్న వ్యాపారాలకి ఇలాంటిదే అయిన 44ఏడీలో బ్యాంకు ద్వారా వచ్చినదాని మీద ఆరు శాతం, నగదు మీద ఎనిమిది శాతం లాభం చూపించవచ్చు. కానీ ఒప్పందం కాగితం అలాగే ఉండాలి, మీ ఆడిటర్‌కి చూపించాలి. ఒకసారి అందులోంచి బయటికొస్తే అయిదేళ్లు మళ్లీ రానివ్వరు.

అసలు ఖర్చులే చూపిస్తానంటే ఫారం ఐటీఆర్-3. ల్యాప్‌టాప్ మొత్తం ఒకేసారి రాయకూడదు, ఏడాదికి 40 శాతం తరుగుదల, కొన్న ఏడాది 180 రోజుల కంటే తక్కువ వాడితే అందులో సగం. ఒక మనిషికి ఒక రోజులో 10,000 దాటి నగదు ఇస్తే ఆ ఖర్చు ఒప్పుకోరు. స్కూటరు పెట్రోలు సైట్లకి తిరిగినంతే. పిల్లల ఫీజు, గృహప్రవేశానికి కట్టుకెళ్లిన పట్టుచీర పనికి రావు. మా బంధువుల్లో ఒకాయన "ఏవో బిల్లులు పెట్టేయ్, ఎవరు చూస్తారు" అంటుంటాడు. ఇప్పుడు ఎవరూ కూర్చుని చూడక్కర్లేదు, పాన్ కొడితే అన్నీ ఒకచోటే కనిపిస్తాయి.

బిల్లుల మాట వచ్చింది కాబట్టి, హార్డ్‌వేర్ షాపుల్లో "బిల్లు కావాలంటే జీఎస్టీ అదనం మేడమ్" అనడం నాకు ఒళ్లు మండిస్తుంది. నిజాయితీగా బిల్లు అడిగినవాళ్లే ఎక్కువ ఇచ్చుకోవాలా? ఇంకోటి, జీతగాళ్లకి కొత్త పన్ను విధానంలో 75,000 స్టాండర్డ్ డిడక్షన్ ఉంది. మనకి లేదు. మనకీ బస్సు చార్జీలూ ఫోను బిల్లులూ ఉంటాయి, జబ్బుచేస్తే జీతంతో సెలవు కూడా ఉండదు. సొంత పని చేసుకునేవాళ్లకీ ఎంతో కొంత ఇవ్వాల్సిందే.

44ఏడీఏలో ఉన్నా ఖర్చుల పుస్తకం రాయండి. రిటర్నుకి అక్కర్లేకపోయినా, ఫీజు ఎంత అడగాలో అదే చెబుతుంది. మా వృత్తిలో ఆడవాళ్లు తక్కువ ఫీజుకి ఒప్పుకోవడానికి సగం కారణం ఖర్చు రాసుకోకపోవడమే అని నా నమ్మకం. ఆదాయం దాచడం కూడా వద్దు. ఇంటి లోనుకి వెళ్తే బ్యాంకువాళ్లు అడిగేది పాత రిటర్నులే.

44ఏడీఏ, 44ఏడీలో వేసేవాళ్లు టీడీఎస్ పోగా కట్టాల్సింది 10,000 లేదా ఆపైన ఉంటే మార్చి 15 లోపు అడ్వాన్స్ ట్యాక్స్ కట్టేయండి, లేకపోతే వడ్డీ పడుతుంది. ఈ ఏడాది మీరు చేసిన పనుల్లో క్లినిక్కులు, ఆఫీసులు ఉంటే మీ 26ఏఎస్ వెంటనే తెరిచి, మీ బిల్లు మొత్తమూ అక్కడి మొత్తమూ ఒకటేనా చూడండి. తేడా ఉంటే మీ బిల్లు కాపీ జతచేసి వాళ్లకి ఈమెయిల్ పెట్టండి, ఫోన్లో చెప్పి ఊరుకోవద్దు.