ముందు టీవీని సరిచెయ్యి, తర్వాత డిస్కును తిట్టు

చిరంజీవి స్వాతికి,

పెదనాన్న ఆశీస్సులు. పాత సినిమాల డిస్కులు కొని, బొమ్మ ఎలా ఉందో వరసగా రాస్తానంటున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. మొదలుపెట్టడమే హిచ్‌కాక్ సినిమా ‘వెర్టిగో’ 4కె డిస్కుతో అట. వినగానే ఛాతీ ఉబ్బింది, గంట తిరక్కుండా గుబులు పట్టుకుంది. నువ్వు ఫోన్ తెర చూస్తూ పెరిగిన పిల్లవి. నున్నగా, తళతళలాడుతూ ఉంటేనే బాగున్నట్టు నీ కంటికి లెక్క. మద్రాసు ల్యాబులో ఇన్నేళ్లు రంగులు దిద్దిన నా కంటికే ఒకసారి ఆ జబ్బు చేసింది. ఆ సంగతి కిందికొచ్చాక చెబుతాను.

ముందు టీవీ. ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉంటే అదే పెట్టు, లేకపోతే సినిమా మోడ్. షోరూముల్లో పెట్టే వివిడ్ జోలికి పోకు. కదలికను నున్నగా చేసే సెట్టింగు ఆపెయ్యి. సినిమా సెకనుకు 24 ఫ్రేములు, ప్లేయర్ కూడా 24లోనే పంపాలి. 60కి మారిస్తే ఒక ఫ్రేము రెండుసార్లు, పక్కది మూడుసార్లు పడి, కెమెరా తిరిగినప్పుడల్లా బొమ్మ కుంటుతుంది. నాయిస్ రిడక్షన్ (బొమ్మలోని గింజలు తుడిచే సెట్టింగు) టీవీలోనే కాదు, ప్లేయర్ మెనూలో కూడా ఉంటుంది, రెండూ ఆపు. షార్ప్‌నెస్‌కి అంకె చెప్పలేను. కొన్ని టీవీల్లో 0 దగ్గర, కొన్నింట్లో నడిమధ్య ఏమీ చెయ్యకుండా ఊరుకుంటుంది. డిస్కు మెనూలో అక్షరాల అంచు చూడు. చుట్టూ సన్నని తెల్లగీత కనిపిస్తే తగ్గిస్తూ రా, ఆ గీత పోయిన చోట ఆగు.

రంగు వార్మ్‌లో పెట్టు. మొదటి రెండు రోజులు అంతా పచ్చకామెర్లొచ్చినట్టుంటుంది, తర్వాత అలవాటవుతుంది. కంటికి అలవాటు కానిది లేదు, భయమూ అదే. నాకు కుడికంటికి శుక్లాల ఆపరేషన్ అయ్యాక ఒక్కో కన్ను మూసి గోడ చూస్తే కుడికంటికి తెల్లగోడ, ఎడమకంటికి వెన్నరంగు గోడ. అంటే చివరి నాలుగైదేళ్లు నేను ‘రంగు సరిగా ఉంది’ అన్నవన్నీ ఆ వెన్నరంగులోంచి చూసి అన్నవే. నీకు ఆ వయసు రాలేదు, కానీ గదిలో పసుపు బల్బు వెలుగుతున్నా జరిగేది అదే. గది చీకటి చెయ్యి. టీవీ వెనక మాత్రం 6500 కెల్విన్ తెల్లదీపం ఒకటి మసకగా పెట్టుకో.

కూర్చునే దూరం: 55 అంగుళాల టీవీ బొమ్మ ఎత్తు 68 సెంటీమీటర్ల పైచిలుకు. 4కెలో తేడా తెలియాలంటే ఎత్తుకి ఒకటిన్నర రెట్లు, అంటే మీటరు దూరం. మామూలు బ్లూరేకి మూడు రెట్లు, రెండు మీటర్లు. సోఫాలోంచి తీర్పు చెబితే రెండింటికీ తేడా లేదంటావు. అది సోఫా తప్పు.

ఇక సినిమా. ఏ డిస్కు తీసుకున్నా అడగాల్సిన మొదటి మాట, ఇది దేన్నుంచి వచ్చిందని. 1958లో ‘వెర్టిగో’ను తీసింది విస్టావిజన్ అనే పద్ధతిలో. మామూలు 35 ఎంఎం కెమెరాలో ఫిల్మ్ నిలువుగా దిగుతుంది, ఒక్కో ఫ్రేముకి 4 రంధ్రాల జాగా. విస్టావిజన్‌లో ఫిల్మ్ అడ్డంగా నడుస్తుంది, అచ్చం మన పాత స్టిల్ కెమెరాలో నడిచినట్టే, ఫ్రేముకి 8 రంధ్రాలు. నెగటివ్ (కెమెరాలో నడిచిన అసలు ఫిల్మ్) రెట్టింపు కంటే పెద్దది కాబట్టి తెర మీద గ్రెయిన్, అంటే ఫిల్మ్‌లో సహజంగా ఉండే గింజలు, సన్నగా పడుతుంది. అదే కాలంలో మామూలు 35 ఎంఎం పద్ధతిలో తీసిన నలుపు తెలుపు సినిమాలో గ్రెయిన్ ఇంకా బరకగా ఉంటుంది. రెండింటినీ ఒకే కొలబద్దతో కొలిస్తే ఒకదానికి అన్యాయం జరుగుతుంది. బొమ్మ నిష్పత్తి 1.85, కాబట్టి పైనా కిందా సన్నని నల్లపట్టీలు ఉండాలి. లేకపోతే నీ టీవీయే అంచులు కోస్తోంది.

ఆ కాలపు ఈస్ట్‌మన్ కలర్ నెగటివ్‌కి ఒక రోగముంది, పసుపు పొర ముందు వాడిపోతుంది. అప్పుడు నలుపు నీలానికి తిరుగుతుంది, మొహం మీద వెలుగు పడ్డ చోట్ల పసుపో ఎరుపో ఎగదన్నుతుంది. ఒకవైపు లాగితే రెండోవైపు పాడవుతుంది కాబట్టి మామూలు దిద్దుబాటుకి లొంగదు. (మన పాత ప్రింట్లు, అంటే హాళ్లకి పంపిన కాపీలు, ఎర్రబారిపోవడం వేరే రోగం, అక్కడ పోయేది సయాన్, నీలీ ఆకుపచ్చా కలిసిన పొర.) 1996లో రాబర్ట్ హ్యారిస్, జేమ్స్ కాట్జ్ ఈ సినిమాని బాగుచేసి 70 ఎంఎం ప్రింట్లు తీశారు. 4కె డిస్కు 2020లో వచ్చింది. కాబట్టి నువ్వు వెతకాల్సింది ‘రంగులు అదిరాయా’ అని కాదు. హీరో జేమ్స్ స్టువార్ట్ సీన్లలో నీడలు నల్లగా ఉన్నాయా, నీలం కొడుతున్నాయా? హీరోయిన్ కిమ్ నోవాక్ బూడిదరంగు సూటు ప్రతి సీన్లోనూ బూడిదగానే ఉందా, ఒకచోట ఊదాకి, ఒకచోట పచ్చకి పోతోందా? బూడిద అబద్ధం చెప్పదు. ఎరుపు, ఆకుపచ్చ ఎంత తప్పినా కన్ను సర్దుకుపోతుంది.

ఎర్నీస్ రెస్టారెంట్ సీన్ మాత్రం నాలుగుసార్లు చూడు. గోడంతా ముదురెరుపు, నోవాక్ భుజం మీద ఆకుపచ్చ పట్టు. స్టువార్ట్ పక్కకొచ్చి ఆమె మొహం పక్కకి తిరిగి ఆగినప్పుడు వెనక గోడ ఒక్కసారి వెలుగుతుంది, మళ్లీ తగ్గుతుంది. అది కావాలని చేసింది, వెలుగు ఊగిసలాటని రాశావంటే నా పరువు పోతుంది. ఆ ఎరుపు వెలిగినప్పుడు కూడా గోడ మీది పూలడిజైను తెలియాలి. ఒకే ఎర్రముద్దగా కనిపిస్తే రంగు ఎక్కువైనట్టు.

మెత్తగా కనిపించిందల్లా లోపం కాదు. శ్మశానంలో ఆమె వెంట నడిచే సీన్లు ఫాగ్ ఫిల్టరు పెట్టి తీసినవి. చివర్లో హోటల్ గదిలో నియాన్ ఆకుపచ్చలోంచి ఆమె నడిచొచ్చే షాటూ అంతే, పొగమంచులా ఉండాలి. కారు నడిపే సీన్లలో వెనక రోడ్డు విడిగా తీసి తెర మీద వేసింది, అది మసకే. కథలోని చర్చి గంటగోపురం అసలు అక్కడ లేదు, గీసి కలిపారు. ఇలా కలిపిన షాట్లు ఒక తరం కాపీ అయ్యొస్తాయి కాబట్టి గ్రెయిన్ పెరుగుతుంది. ఒక సీన్ కరిగి ఇంకో సీన్లోకి వెళ్లే డిజాల్వ్ దగ్గర చూడు, కరగడం మొదలవ్వకముందే బొమ్మ ఒక మెట్టు దిగుతుంది, అయిపోయాక మళ్లీ ఎక్కుతుంది. షాట్లు కలిపే మా ల్యాబు ఆప్టికల్ విభాగం చేతిమీదుగా వెళ్లిన సినిమాలన్నింట్లోనూ అదే వరస. అక్కడ ఏ తేడా తెలియకుండా ఉంటేనే అనుమానించు, మిగతా సినిమాని కూడా ఎవరో ఆ మెట్టుకి దించారేమోనని.

ఇప్పుడు నా తప్పు.

నలుపు తెలుపు థ్రిల్లర్ ఒకటి, పేరెందుకులే, రెండు కంపెనీల డిస్కులుగా వచ్చింది. ఏది కొనాలని తెలిసినవాళ్లంతా నన్నే అడిగారు. ఒక దుకాణంలో పెద్ద టీవీ మీద రెండూ పావుగంట చొప్పున చూశాను. మొదటిది ఇసక చల్లినట్టుంది. రెండోది కడిగిన ముత్యం. రెండోదే కొనమని అందరికీ చెప్పాను, కాగితం మీద రాసి కూడా ఇచ్చాను.

ఏం జరిగిందో విను, ఇది నీకు రోజూ ఎదురయ్యేదే. ఆ రెండో డిస్కు చేసినవాళ్లు గ్రెయిన్ తుడిచేశారు. తుడిస్తే గ్రెయినొక్కటే పోదు, గ్రెయిన్ అంత సన్నగా ఉన్న ప్రతిదీ పోతుంది, కోటు నేత, చర్మం మీది రంధ్రాలు, గడ్డం మాసిన ఛాయ. బొమ్మ మైనంలా తేలేసరికి పైన షార్ప్‌నెస్ కొట్టారు. చీకటి మనిషి చుట్టూ తెల్ల అంచు వచ్చింది. దూరం నుంచి ఆ అంచే ‘స్పష్టత’లా కనిపిస్తుంది. దుకాణం టీవీ వివిడ్‌లో ఉంది, అది ఇంకో పొర అంచు అద్దింది. అదే టీవీ మొదటి డిస్కులోని అసలు గ్రెయిన్‌కి కూడా పదునుపెట్టి ఇసక చేసింది. మంచిదాన్ని చెడ్డగా, చెడ్డదాన్ని మంచిగా చూపించే యంత్రం ముందు కూర్చుని తీర్పు చెప్పాను.

తెలిసిందెప్పుడంటే, ఇంటికొచ్చి సినిమా మొత్తం చూస్తుంటే రాత్రి వీధి సీను వచ్చింది. వాన చప్పుడు జోరుగా వినిపిస్తోంది. తెర మీద వాన లేదు! నేల తడి, టోపీ అంచు నుంచి నీళ్లు కారుతున్నాయి, చినుకు మాత్రం ఒక్కటీ లేదు. దుమ్ము తుడిచే సాఫ్ట్‌వేరు ఒక ఫ్రేములో ఉండి ముందు ఫ్రేములో, తర్వాతి ఫ్రేములో లేనిదాన్ని దుమ్మని లెక్కేస్తుంది. చినుకూ అలాంటిదే కదా. మొదటి డిస్కు పెట్టి చూస్తే అదే సీన్లో వాన దారాలు దారాలుగా పడుతోంది. మనిషి కూర్చుని ఫ్రేముఫ్రేమూ చూసుకుంటే ఈ తప్పు జరగదు. యంత్రం మీద వదిలేస్తే వాన పోతుంది, నిప్పురవ్వలు పోతాయి, ఒక్కోసారి విసిరిన బంతి కూడా పోతుంది.

నా మాట మీద కొన్నవాళ్లలో ఒక్కరూ తిరిగి అడగలేదు. వాళ్లకి వాన లేదన్న సంగతే తెలియలేదు. అది ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

కాబట్టి స్వాతీ, ఎంత నచ్చినా మొదటి పావుగంటకి రాయకు. వాన, పొగ, నీళ్లు, సిగరెట్టు నిప్పు ఉన్న సీన్లు వెతుక్కుని చూడు. గ్రెయిన్ని బొమ్మ ఆపి చూడకు, ఆపితే మురికిలాగే ఉంటుంది. నడుస్తుండగా చూడు, చీమలబారులా కదులుతూ ఉండాలి. మొహం కదిలినా దాని మీద గ్రెయిన్ అద్దానికి పట్టిన దుమ్ములా ఒకేచోట నిలిచిపోతే గ్రెయిన్ తుడిచిన గుర్తు. చదరపు గళ్లుగా గుంపులు కడితే తప్పు కంప్రెషన్‌ది (బొమ్మను డిస్కులో పట్టేలా కుదించడం), ఫిల్మ్ స్కానింగ్‌ది కాదు, రెండూ కలిపి తిట్టకు. ఆకాశంలో మెట్లుమెట్లుగా పట్టీలు పడినా అంతే. అందుకే స్ట్రీమింగ్‌లో చూసి డిస్కు గురించి రాయొద్దంటాను. అక్కడ 4కె అన్నా సెకనుకు 15 నుంచి 25 మెగాబిట్లే, డిస్కులో 50 పైన, ఒక్కోసారి 100 దాకా. బిట్లు చాలకపోతే మొదట ఎగిరిపోయేది గ్రెయినే.

మచ్చల రంగు చూడు. తెల్లమచ్చ నెగటివ్ మీది దుమ్ము, నల్లమచ్చ ప్రింటు మీది దుమ్ము. కుడివైపు పైమూలన చిన్న గుండ్రటి చుక్క మెరిసి మాయమైతే అది మన ఆపరేటర్లకి రీలు మార్చమని సైగ. డిస్కు మీద అది కనిపించిందంటే దాన్ని ప్రింటు నుంచి తీశారేమోనని అనుమానించు, అట్ట మీద ఏం రాసుకున్నా సరే. రీలు ఇరవై నిమిషాల లోపు ఉంటుంది, ఆ మార్పుల దగ్గర రంగు గెంతుతుందేమో గమనించు.

హెచ్‌డీఆర్ (వెలుగుని బాగా పెంచి చూపే పద్ధతి) వెలుగుకి మార్కులెయ్యకు. హాల్లో ఫిల్మ్ లేకుండా ఖాళీ ప్రొజెక్టరు వెలుగే తెర మీద 16 ఫుట్ లాంబర్టులు, అంటే టీవీల వెలుగు కొలతలో సుమారు 55 నిట్లు. కిటికీ, నియాన్ బోర్డు కొంచెం వెలగొచ్చు. తెల్లచొక్కా కళ్లు పొడిస్తే ఎవరో అత్యుత్సాహం చూపించినట్టు.

ధ్వని గురించి ఒక్క మాట. ‘వెర్టిగో’ విడుదలైంది మోనోలో, అంటే శబ్దమంతా ఒకే ట్రాకులో. 1996లో శబ్దాలు కొత్తగా కలిపారు, సముద్రం ఒడ్డు సీన్లో అదనంగా పక్షుల అరుపులు, పొగమంచులో ఓడల్ని హెచ్చరించే హారన్ కూడా చేర్చారు. మెనూలో మోనో ట్రాక్ ఉంటే దాన్ని పూర్తిగా విను. ఉందో లేదో రాయడం మర్చిపోకు, చాలామంది రాయరు.

పదికి ఎంతని అంకె వెయ్యమని అడుగుతారు. వేసుకో, కానీ కింద టీవీ మోడల్, సెట్టింగులు, కూర్చున్న దూరం రాయి. రాత్రి చూసి పొద్దున్న ఇంకోసారి చూశాకే పంపు.

పెద్దమ్మ నీకు గోంగూర పచ్చడి పెట్టి ఉంచింది. పండక్కి వచ్చేటప్పుడు ఆ డిస్కుతోపాటు పాత బ్లూరే కూడా తెచ్చుకో, ఎర్నీస్ సీను పక్కపక్కన చూద్దాం. ప్లేయర్ ఇక్కడ పనిచేస్తోంది, రిమోట్‌కే బ్యాటరీలు లేవు, రెండు సన్నవి పట్టుకురా.

పెదనాన్న