ప్రయాణ సందేహాలు: జపాన్‌లో రామెన్ తినబోయే ముందు

ప్రశ్న: మా అబ్బాయి టోక్యోలో ఉద్యోగం చేస్తున్నాడు. త్వరలో నేనూ, మావారూ అక్కడికి వెళ్తున్నాము. మేము గుడ్డు కూడా ముట్టము. రామెన్ దుకాణంలో పైన వేసే మాంసం ముక్కలు వద్దని చెబితే చాలని, మిగిలినవి గోధుమ నూడుల్సే కదా అని వాడు అంటున్నాడు. ఇది నిజమేనా? – ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: అమ్మా, ఈ ఒక్క విషయంలో మీ అబ్బాయి మాట వినకండి. చేపల పులుసులోంచి ముక్కలు ఏరేసినంత మాత్రాన అది చింతపండు పులుసు కాదు; రామెన్ సంగతీ అంతే. గిన్నె అడుగున ముందుగా ‘తారె’ అనే చిక్కటి ఉప్పటి సారం పోస్తారు. ఇది సోయా సాస్‌తోనో, ఉప్పుతోనో, మిసో అనే పులిసిన సోయా ముద్దతోనో తయారవుతుంది. దాని మీద గంటల తరబడి కాచిన వేడి సూపు పోసి, నూడుల్స్ వేసి, చివరగా పంది మాంసపు ముక్కలు, గుడ్డు, వెదురు మొలకలు, ఉల్లికాడలు సర్దుతారు. సూపును సాధారణంగా పంది ఎముకలతోనో, కోడి ఎముకలతోనో కాస్తారు. చాలా చోట్ల అందులో ఎండబెట్టి పొగబెట్టిన బోనిటో చేప తురుమును, మన నెత్తళ్ల వంటి చిన్న ఎండు చేపలను కూడా మరిగిస్తారు. కొన్ని చోట్ల తారెలోనూ చేపల సారం కలుస్తుంది, పైన తేలే నూనె పంది కొవ్వు కావచ్చు, నూడుల్స్ పిండిలో గుడ్డు ఉండవచ్చు. అందుచేత పైన ఏముందని కాక, సూపు దేనితో కాచారని అడగాలి.

‘కూరగాయల రామెన్’ అని రాసి ఉన్న చోట మనవాళ్లు తరచుగా మోసపోతుంటారు. క్యాబేజీ, బీన్ మొలకలు, క్యారెట్ వేయించి కుప్పగా పోసిన ఆ గిన్నెలో కూడా అడుగున ఉండేది చాలావరకు పంది ఎముకల సూపో, కోడి సూపో. దుకాణంవారు దాచిపెట్టారనుకోవడం న్యాయం కాదు. పైన కూరగాయలు ఉన్నాయని మాత్రమే ఆ పేరుకు అర్థం. ‘మేము మాంసం, చేపలు, గుడ్డు, వాటితో కాచిన రసం ఏదీ తినము’ అని మీ అబ్బాయి చేత జపనీస్‌లో ఒక చీటీ రాయించుకుని దగ్గర ఉంచుకోండి. అయితే మామూలు రామెన్ దుకాణంలో ఆ చీటీ చూపిస్తే వచ్చేది, మహా అయితే, మర్యాదతో కూడిన క్షమాపణ మాత్రమే. సూపును పెద్ద గంగాళంలో ఒకేసారి కాస్తారు కనుక మీ కోసం వేరే గిన్నె తయారుచేయడం వారికి సాధ్యం కాదు. దుకాణంలో కూర్చున్నాక బేరమాడడం కంటే ఏ దుకాణానికి వెళ్లాలో ముందుగానే నిర్ణయించుకోవడం మేలు.

టోక్యో స్టేషన్‌లో ‘టీస్ తాన్‌తాన్’ అనే దుకాణంలో మాంసం, చేపలు, గుడ్డు, పాలు ఏవీ వాడరు. నువ్వుల ముద్దతో చిక్కగా చేసే తాన్‌తాన్ నూడుల్స్ అక్కడి ప్రత్యేకత. ఈ దుకాణం జేఆర్ రైల్వే గేట్ల లోపల, కేయో లైను వైపు వెళ్లే దారిలో ఉంది కాబట్టి రైలు ఎక్కే రోజునో దిగే రోజునో వెళ్లడం సులువు. ‘అఫురి’ దుకాణాల్లోనూ మాంసం, చేపలు లేని రామెన్ దొరుకుతుంది గానీ, వారి ప్రధాన వంటకాలు కోడి సూపుతో చేసేవి. ఒకే వంటగది అన్నది మీకు అభ్యంతరమైతే మొదటిదే మీకు తగినది. ఇక, మాంసం లేనంత మాత్రాన ఉల్లి, వెల్లుల్లి ఉండవని అనుకోకండి. అవి కూడా మానేసే రోజుల్లో బౌద్ధ ఆలయ సంప్రదాయంలో వండే ‘షోజిన్ ర్యోరి’ భోజనం వెతుక్కోవాలి, ఎందుకంటే ఘాటైన ఆ దుంపలను ఆ సంప్రదాయం నిషేధించింది. హోటల్ గదిలో వేడినీళ్లు పోసుకుని తినే కప్పు నూడుల్స్ కూడా చాలావరకు మీకు పనికిరావు. వాటి పొడుల్లో చేప, పంది, కోడి సారాలు కలపడం మామూలే.

ప్రశ్న: ఫుకువోకా వెళ్తున్నాను. గొడ్డు మాంసం తప్ప అన్నీ తింటాను. అక్కడి రామెన్ దుకాణాల్లో పద్ధతులు ఎలా ఉంటాయి? గట్టిగా జుర్రుకుంటారట, నిజమేనా? – ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీరు వెళ్తున్నది సరైన ఊరే. ఫుకువోకాలోని హకాతా రామెన్‌కు ఆధారం ‘తొంకొత్సు’, అంటే పంది ఎముకలను పెద్ద మంట మీద పాలలాగా తెల్లబడేదాకా కాచిన సూపు. పైన వేసే ముక్కలు కూడా పంది మాంసమే. గొడ్డు మాంసం విషయంలో అక్కడ పెద్దగా బెంగ అవసరం లేకపోయినా, సూపు గురించి ఒకసారి అడగండి. తొత్తోరి ప్రాంతానికి వెళ్తే మాత్రం జాగ్రత్త పడాలి, అక్కడ ఆవు ఎముకల సూపుతో చేసే రామెనే ప్రసిద్ధి.

చాలా దుకాణాల్లో గుమ్మం దగ్గర టికెట్ యంత్రం ఉంటుంది. డబ్బు వేసి, మీట నొక్కి, వచ్చిన చీటీని లోపల ఇవ్వాలి. ఏది నొక్కాలో తోచకపోతే ఎడమవైపు పై మూలన ఉన్న మీట నొక్కండి. సాధారణంగా ఆ దుకాణం పేరుపడ్డ వంటకం అక్కడే ఉంటుంది. పాత యంత్రాల్లో కొన్ని 1,000 యెన్ల నోట్లు మాత్రమే తీసుకుంటాయి, 2024 జులైలో విడుదలైన కొత్త నోట్లను తీసుకోనివి కూడా ఉన్నాయి, కాబట్టి చిల్లర దగ్గర ఉంచుకోండి. హకాతాలో నూడుల్స్ ఎంత గట్టిగా ఉండాలని అడుగుతారు. ‘ఫుత్సూ’ అంటే మామూలుగా, ‘కతా’ అంటే కాస్త గట్టిగా, ‘బరికతా’ అంటే ఇంకా గట్టిగా. అక్కడి నూడుల్స్ సన్నగా ఉండి త్వరగా మెత్తబడతాయి కనుక మొదట కొంచెమే వేస్తారు. సరిపోకపోతే ‘కయెదామా’ అని అడిగితే, కొద్దిపాటి అదనపు ధరకు మరో పిడికెడు నూడుల్స్ తెచ్చి వేస్తారు. దానికోసం గిన్నెలో సూపు మిగుల్చుకోవాలి సుమా.

జుర్రుకోవడం నిజమే. వేడి నూడుల్స్ గాలితో కలిసి చల్లబడతాయి, వాసనా బాగా తెలుస్తుంది. చప్పుడు చేస్తే ఎవరూ తప్పుగా చూడరు. చేయకపోయినా ఎవరూ పట్టించుకోరు. తప్పుగా చూసేది, బయట జనం వరుసలో నిలబడి ఉండగా గిన్నె ఖాళీ అయ్యాక కూడా కబుర్లతో కూర్చోవడాన్ని. టిప్పు ఇవ్వకండి, అది వారిని ఇబ్బంది పెడుతుంది. సూపంతా తాగి తీరాలన్న నియమం లేదు. రక్తపోటు ఉన్నవారు తాగకపోవడమే మంచిది, ఎందుకంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు తినమంటుంది, ఒక్క గిన్నె రామెన్ సూపుతో సహా తాగితేనే ఆ కోటా దాదాపు పూర్తవుతుంది.

ప్రశ్న: కారం లేనిదే నాకు ముద్ద దిగదు. ఆవకాయ సీసా వెంట తీసుకెళ్లి రామెన్‌లో కలుపుకోవచ్చా? – ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: బయటి తిండి దుకాణంలోకి తేవడాన్ని అక్కడివారు ఇష్టపడరు, ఆవకాయ సీసా హోటల్ గదిలోనే ఉంచండి. బల్ల మీద ‘రాయు’ అనే మిరప నూనె, మిరియాల పొడి ఉంటాయి. హకాతా దుకాణాల్లో అయితే కారం కలిపిన ఆవాకు ఊరగాయ ‘తకానా’ కూడా కొన్నిచోట్ల దొరుకుతుంది. దాన్ని మొదటే కలిపితే సూపు రుచి తెలియకుండా పోతుంది, రెండు మూడు గుక్కలు తాగిన తరువాతే వేసుకోండి. మొదటి నుంచే కారం కావాలంటే చైనాలోని సిచువాన్ వంట నుంచి వచ్చిన తాన్‌తాన్ నూడుల్స్ అడగండి. గుంటూరు నాలుకకు అదీ చప్పగానే అనిపించవచ్చు. కారం స్థాయిని ఎంచుకోనిచ్చే దుకాణాలున్నాయి, అక్కడ పై మెట్టు మీకు నిరభ్యంతరంగా సిఫారసు చేస్తాను.