‘హిస్టారికల్ రొమాన్స్’ను శృంగార నవల అనవచ్చా?

సందేహం: అలెగ్జాండర్ డ్యూమాస్ ఫ్రెంచి నవలలకు వచ్చిన ఇంగ్లీషు అనువాదాలను పరిచయం చేస్తూ ఒక వ్యాసం రాస్తున్నాను. నా దగ్గరున్న పాత సంపుటాల మీద ‘హిస్టారికల్ రొమాన్స్’ అని ఉంది. దాన్ని ‘చారిత్రాత్మక శృంగార నవల’ అని తెలుగు చేశాను. చదివిన మిత్రుడు నవ్వి, “త్రీ మస్కటీర్స్‌లో శృంగారం ఎక్కడుందయ్యా?” అన్నాడు. నిఘంటువు చూస్తే రొమాన్స్‌కి శృంగారం అనే అర్థం ఉంది. ఏది ఒప్పు?

సమాధానం: నిఘంటువు తప్పు చెప్పలేదు. కానీ మీ పుస్తకాలకు అతికే అర్థం అది కాదు. డ్యూమా అనువాదాలు విరివిగా వచ్చిన 19వ శతాబ్దంలో ఇంగ్లీషువాళ్లు రొమాన్స్ అన్న మాటను ఇప్పటికంటే చాలా విశాలంగా వాడేవారు. రోజువారీ బతుక్కి దూరంగా, ఏ పాత కాలంలోనో జరిగే సాహసాల కథ వాళ్లకు రొమాన్సే. అందులో ప్రేమ ఉంటే ఉండవచ్చు, లేకపోయినా ఫరవాలేదు. వాల్టర్ స్కాట్ తన ‘ఐవన్‌హో’కు పెట్టుకున్న ఉపశీర్షిక కూడా ‘ఎ రొమాన్స్’ అనే.

అసలు ఈ మాట పుట్టుకలో ప్రేమ ఊసే లేదు. పండితులు లాటిన్‌లో రాసే రోజుల్లో జనం మాట్లాడుకునే భాషను పాత ఫ్రెంచిలో ‘రొమాంజ్’ అన్నారు. మన మాటల్లో చెప్పాలంటే దేశిభాష. ఆ భాషలో చెప్పిన కథలకు కూడా క్రమంగా అదే పేరు వచ్చింది. 12వ శతాబ్దంలో అవి ఎక్కువగా రాజుల, యోధుల కథలు. ఫ్రెంచిలో ఆ మాట ‘రొమాఁ’గా మారి, ఇప్పుడు ఏ నవలకైనా చెల్లుతోంది. డిటెక్టివ్ నవల కూడా అక్కడ రొమాఁయే. ఇంగ్లీషులో ‘నావెల్’ అనే మరో మాట వచ్చి చేరడంతో ‘రొమాన్స్’ పక్కకు జరిగింది. సాహసకథల దగ్గర చాలాకాలం ఉండి, 20వ శతాబ్దంలో ప్రేమకథల దగ్గర స్థిరపడింది. అంటే డ్యూమా రాసింది రొమాఁ, అనువాదకులు అచ్చువేసింది రొమాన్స్, మీరు చదువుకున్నది శృంగారం!

ఇక తెలుగులో ఉన్న చిక్కు వేరు. అలంకారశాస్త్రంలో శృంగారం గౌరవమైన రసం, రతి (అనురాగం) దాని స్థాయీభావం, అంటే మూలభావం. కానీ ఇవాళ్టి పత్రికల్లో, సినిమా కబుర్లలో ఆ మాటకు పడక గది అర్థం ఒక్కటే మిగిలింది. ‘శృంగార నవల’ అని చదివి మీ వ్యాసం తెరిచినవాళ్లకు డ్యూమా ఏం చూపిస్తాడు? ‘త్రీ మస్కటీర్స్’లో ఫ్రాన్సు రాణి ఆన్ తన వజ్రాల నగను ఇంగ్లండు ప్రభువు బకింగ్‌హామ్‌కి ఇచ్చేస్తుంది. అది తిరిగి తేవడానికి కథానాయకుడు దార్తాన్యాఁ లండన్ పరుగెత్తుతాడు. దీని వెనక ప్రేమ ఉంది, నిజమే. అయినా పాఠకుడు ఉగ్గబట్టుకొని చూసేది గుర్రం సమయానికి చేరుతుందా లేదా అని. 1844లో పారిస్‌లో దినపత్రిక ‘ల స్యేక్ల్’లో సీరియల్‌గా వచ్చిన కథ అది. రేపటి సంచిక కోసం టెన్షన్ పెట్టడమే దాని పని. రసాల లెక్కలో చూస్తే వీరం, అద్భుతం ముందుంటాయి. డ్యూమా మరో నవల ‘మోంటె క్రిస్టో’లోనూ అంతే. కాబట్టి ‘చారిత్రక సాహస నవల’ అనండి. ఉత్త ‘చారిత్రక నవల’ అన్నా లోటు లేదు.

అలాగని శృంగారం అనే మాటను ఫ్రెంచి చారిత్రక కథల దరిదాపులకే రానివ్వవద్దని కాదు. మదామ్ ద లఫయెత్ రాసిన ‘ప్రిన్సెస్ ఆఫ్ క్లీవ్స్’ 1678లో పేరు లేకుండా వెలువడింది. కథాకాలం దానికి నూరేళ్ల పైమాట, ఫ్రాన్సు రాజు రెండో హెన్రీ కొలువు. నాయిక తన మనసు మరొకరి మీద ఉందని భర్తకే చెప్పేస్తుంది. ఆ దిగులుతో అతను పోతాడు. తర్వాత అడ్డు లేకపోయినా ఆమె ఆ ప్రియుణ్ణి పెళ్లాడదు. మరుసటి ఏడాదే, 1679లో వచ్చిన ఇంగ్లీషు అనువాదం ముఖపత్రం మీదా రొమాన్స్ అనే వేశారు. విప్రలంభ శృంగారం (ఎడబాటులోని ప్రేమ) అంటే ఏమిటో తెలిసిన పాఠకులకు ఆ మాట ఇక్కడ వాడితే వన్నె వస్తుంది. 1950లలో మొదలైన ‘ఆంజెలిక్’ నవలల దారి ఇంకొకటి. ఆన్, సెర్జ్ గొలోన్ దంపతులు రాస్తే, ఇంగ్లీషులో ఇద్దరి పేర్లూ కలిపి సెర్జాన్ గొలోన్ అని ఒక్కరిని చేశారు. 14వ లూయీ కాలంలో నడిచే ఆ కథలకు ‘చారిత్రక ప్రేమ నవలలు’ అంటే సరిపోతుంది. అక్కడ ‘రొమాన్స్’ అని అలాగే ఉంచినా నేను తప్పు పట్టను.

సంస్కృత లక్షణకారుల ‘ఆఖ్యాయిక’ వాడమని మీకు ఎవరైనా సలహా ఇవ్వవచ్చు. జరిగినది ఆఖ్యాయిక, కల్పించింది కథ అని సంస్కృత నిఘంటువు అమరకోశం చెప్పే తేడా. బాణుడి హర్షచరిత్ర మొదటిది, కాదంబరి రెండోది. డ్యూమా ఈ రెంటికీ లొంగడు. దార్తాన్యాఁ నిజంగా ఉన్నవాడే, 1673లో మాస్ట్రిక్ట్ ముట్టడిలో చనిపోయాడు. నవలలో అతని పేరు మీద జరిగే పనుల్లో చాలాభాగం కల్పన. పైగా ఆఖ్యాయిక అంటే ఈరోజు ఎందరికి తెలుస్తుంది?

మీరు అడగకపోయినా ‘చారిత్రాత్మక’ గురించి ఒక మాట. చరిత్ర, ఆత్మక కలిస్తే ‘చరిత్రాత్మక’ అవుతుంది, మొదటి అచ్చుకు దీర్ఘం రాదు. ఆ దీర్ఘం తద్ధిత ప్రత్యయం చేరినప్పుడు వస్తుంది, సమాజం సామాజికం అయినట్టు. ఆ లెక్కన ‘చారిత్రిక’ రావాలి, వాడుకలో ‘చారిత్రక’ స్థిరపడింది. చరిత్రలో నిలిచిపోయే తీర్పు చరిత్రాత్మకం, చరిత్రను వస్తువుగా తీసుకున్న నవల చారిత్రకం.

డ్యూమాస్‌లో చివరి ‘స్’ ఫ్రెంచివాళ్లు పలకరు, ‘డ్యూమా’ అని రాయండి. అదే ఊపులో పారిస్‌ను ‘పారీ’ చేయకండి. అది మనకు ఎప్పుడో పారిస్‌గానే కుదురుకుంది.